పొయ్యిగట్టు దిగిన గంగునాయుడు

అనకాపల్లి దగ్గర ఒక పల్లెలో గంగునాయుడు అనే బెల్లం వండేవాడు ఉండేవాడు. బెల్లం కుదిరితే అది తన చేతి గొప్పతనం అనేవాడు, కుదరకపోతే చెరకు మంచిది కాదనేవాడు.

చుట్టుపక్కల రైతులు చెరకు కొట్టి అతని గానుగకే తెచ్చేవారు. రసం పిండి పెద్ద ఇనుప పెనంలో పోశాక ఇక అంతా గంగునాయుడి రాజ్యమే. మిగతా ఊళ్లలో బెల్లం వండేవాళ్లు కాసేపు పొయ్యి దగ్గర నిలబడేవారు, కాసేపు నీడకు పోయి వచ్చేవారు. గంగునాయుడు అలా కాదు. గోచీ బిగించి కట్టుకుని, పొయ్యిగట్టు మీద గోనెపట్టా పరుచుకుని పొద్దున్నే కూర్చుంటే పొద్దుగూకేదాకా దిగేవాడు కాదు. తాను దిగితే ఇంకెవరైనా గరిటె ముట్టుకుంటారని అతని భయం. అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. పెనం ఏమన్నా లేచి పారిపోతుందా అని జనం చాటున నవ్వుకునేవారు. ఏటా ఐదు నెలల చొప్పున పదిహేనేళ్లుగా ఇదే వరస.

అతని భార్య పేరు వరహాలు. పెళ్లయి ఎనిమిదేళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కలగలేదు. గంగునాయుడు చెరకును అన్నట్టే భార్యనూ అన్నాడు. లోపం ఆమెదేనని తేల్చేశాడు. ఆమె చేత తాగించని కషాయం లేదు, కట్టించని తాయెత్తు లేదు. చేదు మందులు మింగీ మింగీ ఆమెకు గానుగలో రుచి చూసే బెల్లం కూడా చేదుగానే తోచేది. ఇన్నేళ్లలో ఒక్క వైద్యుడు కూడా గంగునాయుడి వంక తిరిగి చూడలేదు. అతను చూడనివ్వలేదు కూడా.

చివరికి గంగునాయుడి తల్లి అచ్చియ్యమ్మ కొడుక్కి రెండో సంబంధం చూసింది. గురువారం నాడు పిల్ల తరఫువాళ్లు మాట్లాడుకోవడానికి వస్తున్నారని ఇంట్లో చెప్పింది. ఆ పూట వరహాలు అన్నం తినలేదు. ఏడవనూ లేదు. చేతులు కడుక్కుని వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది.

“మావా, గురువారం లోపల ఒక్కపాలి కూర్మయ్యగారి కాడికి ఎల్దాం. ఆయన కూడా లోపం నాదే అంటే నానే మాయమ్మోళ్ల ఇంటికి ఎల్లిపోతాను. నువ్వు పొమ్మనక్కర్లేదు,” అంది.

కూర్మయ్య పక్క ఊరి వైద్యుడు. మందు తక్కువ ఇస్తాడనీ, ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడనీ ఆయనకు పేరు. ఆయన వరహాలు నాడి చూశాడు. నాలుక, కళ్లు చూశాడు. నెలసరి గురించి నెమ్మదిగా అడిగి తెలుసుకున్నాడు. ఆ తరువాత, “నాకు తెలిసినంతలో నీలో ఏ లోపమూ కనపడటం లేదమ్మా,” అన్నాడు. ఆపైన గంగునాయుడి వైపు తిరిగి, “నాయుడూ, చెయ్యి ఇలా ఇవ్వు,” అన్నాడు.

గంగునాయుడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. “నా చెయ్యెందుకు బాబూ? రోజుకి వంద బిందెల రసం ఎత్తిపోస్తాను. నాకేటవుద్ది?”

“నేను బలం సంగతి అడగలేదు. నాడి అడిగాను.”

“పిల్లల్లేరని మగోణ్ణి పరీక్ష సేసే వైద్యం నానెక్కడా ఇన్లేదు,” అని గంగునాయుడు లేచి నిలబడ్డాడు.

కూర్మయ్యకు కోపం రాలేదు. “సరేలే. రేపు నీ గానుగ దగ్గరికి వస్తాను. నువ్వు బెల్లం వండుతుంటే చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది,” అన్నాడు. తన పని చూడ్డానికి వస్తానంటే గంగునాయుడు కాదంటాడా? ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్లాడు.

మర్నాడు ఒక ముసలి రైతు చెరకు గానుగకు వచ్చింది. మొదటి పెనం పొయ్యి మీద పెట్టారు. గంగునాయుడు గట్టు మీద కూర్చుని తన ఘనత గురించి వైద్యుడికి చెబుతూ, ఆ చెప్పే ఊపులో చెంబెడు సున్నపుతేట రసంలో గుమ్మరించాడు. రసంలో మడ్డి విరగడానికి కాస్త సున్నం వేస్తారు. ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. పాకం దగ్గరపడ్డాక చుక్క తీసి నీళ్లలో వేస్తే ఉండ కట్టలేదు. ఇంకాసేపు కాచి పోసినా ఆ బెల్లం నల్లగా, జిగటగా మిగిలిపోయింది.

“ఈ సెరుకింతే. పుచ్చు సెరుకు,” అన్నాడు గంగునాయుడు. ఏడాదంతా చాకిరీ చేసి పండించిన ముసలి రైతు తల వంచుకున్నాడు.

అప్పుడు కూర్మయ్య కలగజేసుకున్నాడు. “అదే చెరకు ఇంకో పెనానికి ఉంది కదా. ఈసారి మీ ఆవిడను వండనివ్వు. నువ్వు గట్టు దిగు.”

గానుగ దగ్గరున్న వాళ్లంతా పని ఆపి చూశారు. అంతమందిలో కాదనలేక గంగునాయుడు దిగాడు. ఎలాగూ అదీ చెడిపోతుంది, తన మాటే నిలబడుతుందని లోపల అనుకున్నాడు.

వరహాలు ఎనిమిదేళ్లుగా అతనికి సున్నపుతేట అందించిన మనిషి. ఆమె పొయ్యికి దూరంగా నిలబడి పొడుగు గరిటెతో మడ్డి తీసింది. సున్నపుతేట కొబ్బరిచిప్పతో కొలిచి పోసింది. మిగిలిన మడ్డి తేలేలా బెండ జిగురు పిండింది. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్ల మధ్య తిప్పితే ఉండ కట్టింది. పోసిన బెల్లం కాసేపటికే పసుపు రంగులో గట్టిపడింది. ముసలి రైతు ఆ దిమ్మను నిమిరి కళ్లు తుడుచుకున్నాడు.

ఈలోగా కూర్మయ్య ఖాళీ అయిన గోనెపట్టా మీద కూర్చుని చూశాడు. కింది సెగకు పట్టుమని పది నిమిషాలు ఉండలేక ఒళ్లు తడుముకుంటూ లేచాడు. గంగునాయుణ్ణి పక్కనున్న పాకలోకి తీసుకుపోయి, “చెరకు మంచిదే, పెనమూ మంచిదే. మరి మొదట తప్పెక్కడ జరిగింది?” అని అడిగాడు.

గంగునాయుడు పాకలోంచి నల్ల బెల్లం వంకా పసుపు బెల్లం వంకా చూశాడు. “నా సేతిలోనే బాబూ. సున్నం ఎక్కువేసేసినాను,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని నోట అలాంటి మాట రావడం అదే మొదలు. ఆ తరువాత అడక్కుండానే చెయ్యి చాపాడు.

కూర్మయ్య మూడు వేళ్లు ఆనించి తొందర లేకుండా నాడి చూశాడు. గోళ్లూ కళ్లూ నాలుకా చూశాడు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా, మూత్రంలో మంట ఉందా, రోజుకు ఎన్ని చుట్టలు కాలుస్తావు, నిద్ర పడుతుందా అని అడిగాడు. అన్నింటికంటే ఆఖరున, “ఆ గట్టు మీద రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటావు?” అని అడిగాడు. గంగునాయుడు చెప్పాడు.

“మగవాడి బీజానికి వేడి పడదు నాయుడూ. అందుకే దేవుడు దాన్ని ఒంటికి కాస్త ఎడంగా, చల్లగా ఉండేచోట పెట్టాడు. నువ్వు తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టావు,” అన్నాడు కూర్మయ్య. గంగునాయుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“నువ్వు పాకం నీళ్లలో వేసి చూసినట్టే, మా పాత వైద్యులు ధాతువును, అదే వీర్యాన్ని, నీళ్లలో వేసి మునుగుతుందా తేలుతుందా అని చూసేవారు. అదీ చూద్దాం. కానీ నా వేళ్లు చెప్పేదీ, ఆ నీళ్లు చెప్పేదీ అంచనా మాత్రమే. టౌనులో మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. అక్కడ కూడా చూపించుకో. నేను పొరబడ్డానని తేలితే మంచిదే, ఒప్పుకుంటాను.”

గంగునాయుడు టౌనుకు వెళ్లి వచ్చాడు. వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్నాయని చీటీలో రాశారు. కూర్మయ్య చీటీ చదివి, “తక్కువున్నాయి అన్నారు, లేవనలేదు కదా. ఉన్నవాటిని కాపాడుకుందాం,” అన్నాడు. గట్టు ఎక్కొద్దన్నాడు. గోచీ మానేసి వదులుగా పంచె కట్టుకోమన్నాడు. చుట్ట మానమన్నాడు. రోజూ కాలవలో స్నానం, పాలు, మినుములు, ఒక చూర్ణం చెప్పాడు.

“ఎన్నాళ్లు బాబూ?”

“చెరకు చేతికి రావడానికి ఏడాది ఆగుతావు కదా. దీనికీ ఆగు. ఫలానా రోజుకల్లా అని నేను మాట ఇవ్వను.”

గురువారం రానే వచ్చింది. పిల్ల తరఫువాళ్లు వచ్చి మంచాల మీద కూర్చున్నారు. చీటీ సంగతి గంగునాయుడికీ వైద్యుడికీ తప్ప ఎవరికీ తెలియదు. భార్యకు చెప్పడానికి కూడా అతనికి నోరు రాలేదు. ఊరుకుంటే అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. అప్పుడు వరహాలు వచ్చినవాళ్లకు మంచినీళ్లు తెచ్చింది. తన స్థానంలోకి ఇంకొకరిని తేవడానికి వచ్చినవాళ్లకు గ్లాసులు తుడిచి మరీ ఇస్తోంది. గంగునాయుడు ఇక కూర్చోలేకపోయాడు.

“అమ్మా, లోపం వరహాల్లో లేదు. నాలో ఉంది. పరీక్ష సేయించుకున్నాను,” అన్నాడు.

“నోరు ముయ్యరా. నలుగురూ ఇంటే ఏటనుకుంటారు?” అంది అచ్చియ్యమ్మ.

“ఎనిమిదేళ్లు దాన్ననుకున్నారు కదమ్మా. ఇక నుంచి నన్ననుకోనీ.”

పిల్ల తండ్రి లేచి, గంగునాయుడి భుజం తట్టి, తన వాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. వరహాలు ఖాళీ గ్లాసులతో వంటింట్లోకి వెళ్లింది. ఇన్నేళ్లూ దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

ఆ ఏడు మిగిలిన చెరకంతా వరహాలే వండింది. గంగునాయుడు దూరంగా ఉండి రసం మోశాడు, దిమ్మలు కట్టాడు. గట్టు దిగిన నాయుడని కొందరు ఎగతాళి చేశారు. మొదట్లో అతనికి రోషం వచ్చేది. తరువాత తరువాత అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు.

మరుసటి ఏడు గానుగ మొదలైన వారానికి, పాకం వాసన తగలగానే వరహాలు గరిటె పడేసి వాంతి చేసుకోవడానికి పరిగెత్తింది. కూర్మయ్య వచ్చి ఆమె నాడి చూసి నవ్వాడు. అచ్చియ్యమ్మ కోడలికి విసనకర్రతో విసిరింది.

ఆ రోజు గంగునాయుడే పెనం దగ్గర నిలబడ్డాడు. బెల్లం గట్టిబడి రాయిలా అయ్యింది. చెరకు తెచ్చిన ముసలి రైతు, “నా సెరుకు మంచిది కాదేటి నాయుడూ?” అని భయంగా అడిగాడు.

“సెరుకు బంగారం తాతా. నా మనసు ఇంటికాడుంది. పాకం నానే ముదరబెట్టేసినాను,” అన్నాడు గంగునాయుడు.

కాబట్టి, లోపం ఎక్కడుందని వెతికేటప్పుడు ఎదుటివారి వైపు వేలు చూపే ముందు తనను తాను పరీక్షించుకోవాలి. తన లోపాన్ని ఒప్పుకున్నవాడికే దాన్ని దిద్దుకునే దారి దొరుకుతుంది.