నల్లచెవి తవ్విన రెండో గుంట

అనగనగా ఒక అడవిలో, ఓ రాళ్ళగుట్ట మీద ఎనభై కుందేళ్ళు కాపురం ఉండేవి. ఎగువన అరవై, దిగువన వాగు పక్కన ఇరవై. ఒక ఎండాకాలం వాటికి వణుకు జబ్బు పట్టుకుంది. ముందు చెవులు వాలిపోతాయి. ఆ తర్వాత ఒళ్ళంతా గజగజ. కొందరు తేరుకునేవారు. కొందరు, పాపం, తేరుకునేవారు కాదు.

జబ్బుపడినవాళ్ళని లెక్కపెట్టే పని నల్లచెవి అనే తల్లి కుందేలుది. ఒక్కొక్కరికి ఒక్కో గింజ గుంటలో వేసేది. ఎగువవాళ్ళకి ఎర్రటి గురివింద గింజ, దిగువవాళ్ళకి చింతపిక్క. కోలుకుంటే గింజ తీసేసేది. చచ్చిపోయినా తీసేసేది. చచ్చినవాళ్ళ గింజ గుంటలో ఉంటే గుట్టకే అరిష్టమని వాళ్ళ నమ్మకం మరి!

ఆ పొద్దున నల్లచెవి రెండు గింజలు తీసింది, రెండు కొత్తవి వేసింది. తీసిన వాటిలో ఒకటి రాత్రి చచ్చిపోయిన పక్క బొరియ ముసలమ్మది. నల్లచెవి ఎందుకో ఇంకో చిన్న గుంట తవ్వింది. కొత్తగా జబ్బుపడినవాళ్ళకి అందులోనూ ఒక్కో గింజ వేసింది. వీటిని మాత్రం ఎప్పటికీ తీయకూడదనుకుంది.

"ఎన్ని అమ్మాయ్?" అంటూ వచ్చాడు గుట్టకి పెద్ద అయిన మీసాలయ్య.

"ఎనిమిది తాతా."

మర్నాడు నాలుగు తీసింది, నాలుగు వేసింది. "ఎనిమిది తాతా."

మూడో రోజు ఆరు తీసింది, ఆరు వేసింది. "ఎనిమిదే తాతా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! ఒక్కటీ పెరగలేదుగా!" అని మీసాలయ్య గంతులేశాడు. "ఎగువన గడ్డి ఎండిపోయింది. రేపు అందరం వాగుకి దిగుదాం."

నల్లచెవి తాతని రెండో గుంట దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇవాళ్టి ఎనిమిదీ మొన్నటి ఎనిమిదీ ఒకటి కాదు తాతా. మొన్న కొత్తగా ఇద్దరు పడ్డారు. నిన్న నలుగురు. ఇవాళ ఆరుగురు. తేరుకున్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ గింజలు తీసేస్తున్నాం కాబట్టి మనకి తెలియట్లేదు!"

మీసాలయ్య తొంగి చూశాడు. "ఎర్రవి ఆరు, చింతపిక్కలు ఆరు. ఎగువైనా దిగువైనా ఒకటేగా?"

"ఒకటెలా అవుతుంది తాతా? ఎగువన అరవై మందిలో ఆరుగురు, అంటే పదిమందికి ఒకరు. దిగువన ఇరవై మందిలో ఆరుగురు. పదిమందికి ముగ్గురు! జబ్బు నీళ్ళలో ఉందో గడ్డిలో ఉందో నాకు తెలీదు. వాగుకి మాత్రం వద్దు."

"పిరికి మాటలు చెప్పి అందరినీ బెదరగొట్టకు!" అని కసిరాడు మీసాలయ్య.

తెల్లారింది. సగంమంది తాత వెంట దిగిపోయారు. నల్లచెవి వెనక్కి తిరిగి చూస్తే బొరియ ఖాళీ! కొడుకు పొట్టితోక లేడు. తాత మనవడు దూదిపింజతో ఆటకి పోయాడు. అయ్యో అయ్యో అంటూ పరుగెత్తింది. వాగు ఒడ్డున ఇద్దరూ నీళ్ళ మీదికి వంగి ఉన్నారు.

"తాగకు!" అని అరిచి కొడుకుని మెడ పట్టి లాగింది. "తాగావా? నిజం చెప్పు!"

"లేదమ్మా... దూదిపింజ తాగాడు."

నిజమేనా? తిడతానని అబద్ధం చెప్పాడా? మూడు రోజులు ఆమెకి కంటిమీద కునుకు లేదు. వాడి చెవులు పట్టి చూడటం, మళ్ళీ చూడటం. మూడో పొద్దున కూడా నిటారుగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకునేలోపు మీసాలయ్య వచ్చాడు. నోట్లో ఎర్రటి గింజ. దాన్ని రెండో గుంటలో పెట్టాడు.

"దూదిపింజది," అన్నాడు. ఆ తర్వాత, మొదటిసారిగా, "ఇవాళ కొత్తగా ఎంతమంది?" అని అడిగాడు.

"మీవాడితో కలిపి పదకొండుమంది తాతా. అందరూ వాగుకి దిగినవాళ్ళే."

ఆ క్షణమే తాత అందరినీ పైకి పిలిచాడు. వాగు దారికి ముళ్ళకంప వేయించాడు. ఎగువన ఉన్న రాతి ఊటలో నీళ్ళు చుక్కచుక్కగా వచ్చినా అవే తాగారు. మర్నాడు కొత్తగా నలుగురు. ఆ మర్నాడు ఒక్కరు. ఆ రోజే దూదిపింజ చచ్చిపోయాడు.

నల్లచెవి వాడి గింజని మొదటి గుంటలోంచి తీసింది. తాత రెండో గుంటకి అడ్డంగా కూర్చున్నాడు.

"ఇందులోది తీయకమ్మా."

"తీయను తాతా. ఎప్పటికీ తీయను."

తర్వాతి పొద్దున నల్లచెవి బొరియలన్నీ తిరిగి వచ్చింది. మొదటి గుంటలో ఇంకా పద్నాలుగు గింజలు ఉన్నాయి. వాటిని చూసి అందరూ భయంతో ఏడుస్తున్నారు. నల్లచెవీ ఏడ్చింది, కానీ సంతోషంతో.

"ఇవాళ కొత్తవాళ్ళు ఒక్కరూ లేరు తాతా!"

మీసాలయ్య మనవడి గింజని మూతితో తడిమాడు. "ఆ రోజు నువ్వు చెబుతుంటే చెవులుండీ నేను వినలేదు," అన్నాడు.

నీతి: ఎందరు జబ్బుతో ఉన్నారన్నదొక్కటే చూసి ధైర్యపడకూడదు, ఎంతమందిలో ఎందరు కొత్తగా పడుతున్నారో అడగాలి, చెప్పేవాళ్ళ మాట వినాలి.