బంతిలో ఆగిన పప్పు

అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు భుజంగరావుగారికి లేదు. కాలేజీలో అడిగితే ఇంట్లోనో, ఇంట్లో అడిగితే బస్టాపులోనో చెప్పేవారు. ఆయన దగ్గర పరిశోధన చేసే హైమకు ఇది ఒళ్ళు మండే సంగతి. అయినా ఆయనంటే ఆమెకు ప్రాణం.

ఆ శనివారం ఆమె ఏడుపుగొంతుతో వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక యంత్రం ఆగిపోతే మిగిలినవి తమంతట తామే పని సర్దుకోవాలి. అందుకు వీలుగా యంత్రాలను వర్ణించే భాషను తయారుచెయ్యడం ఆమె పరిశోధన. తీరా ల్యాబులో ఒకదాన్ని ఆపితే అన్నీ దిమ్మల్లా నిలబడిపోతున్నాయి. సోమవారం పరీక్షకులు వస్తారు. వాళ్ళ ముందూ ఇలాగే అయితే ఏళ్ళ శ్రమ గంగపాలే.

"ఏ యంత్రం పేరేమిటి, ఎక్కడుంటుంది, దాని పనేమిటి, అన్నీ మరమేకులతో సహా రాశాను సార్. ఇంకేం రాయాలి?"

"రేపు మా మనవరాలి బారసాల. వడ్డన పెత్తనం నీదే," అన్నారాయన.

హైమ వడ్డననూ తన యంత్రాల్లాగే ఏర్పాటు చేసింది. ల్యాబు కుర్రాళ్ళకు తలా ఒక గిన్నె అప్పగించి, "పక్కవాడి గిన్నె ముట్టుకోవద్దు," అని గట్టిగా చెప్పింది. విస్తళ్ళలో అన్నం పడింది. పప్పు తెస్తున్న సింహాద్రి తడినేల మీద కాలు బెణికి, ఎలాగో గిన్నె ఒలకకుండా దించి కూలబడ్డాడు. అంతే, బంతి ఆగిపోయింది. అప్పడాలవాడు బుట్ట పట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. వియ్యాలవారు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు.

"పప్పు పడకుండా నెయ్యెలా వెయ్యనక్కా?" అన్నాడు నేతిగిన్నె కుర్రాడు.

హైమ చుట్టూ చూసింది. "ఎవరికి చేతులు ఖాళీ? వేడిగిన్నె మొయ్యగలిగినవాళ్ళు ఎవరైనా సరే, రండి!" అని అరిచింది. గోడవారనున్న గురువుగారి బావగారు కండువా నడుముకు బిగించారు. "మీరొద్దు బాబాయిగారూ, మీకు చెయ్యి వణుకుతుంది," అంది. అప్పడాలవాడు తన బుట్ట ఆయనకిచ్చి పప్పుగిన్నె ఎత్తాడు. బంతి కదిలింది.

హైమ మాత్రం కదల్లేదు. తను రాసినదాంట్లో ఏ యంత్రం పనేమిటో ఉంది గానీ, ఏది ఇంకేం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో లేదు.

వియ్యంకుడి బలవంతం మీద ఆయన పక్కనే బంతిలో కూర్చున్న భుజంగరావుగారు పప్పన్నం కలుపుకుంటూ తలెత్తారు.

"భోంచేసి వెళ్ళి ఆ కేక రాయమ్మా. మా బావ చెయ్యి సంగతి కూడా మరిచిపోకు."