ముందు పిల్లకి

అనగనగా ఓ ఊరు. ఏ ఊరని ఇప్పుడే అడక్కు బుల్లీ. ముందా కాళ్ళు దుప్పట్లో పెట్టు.

ఆ ఊళ్ళో అచ్చాయమ్మని ఒకావిడ ఉండేది. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆవిడ పని. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా పొద్దున్నే వచ్చేది. కాళ్ళు చాపుకుని, బిడ్డని వాటి మీద వేసుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. ఆఖరి చెంబు బిడ్డ చుట్టూ తిప్పి "శ్రీరామరక్ష" అనేది. ఆ తర్వాత ఇంటికెళ్ళి తను పోసుకునేది. పిల్లకి పోయందే తను పోసుకునేది కాదు. అదీ ఆవిడ పద్ధతి.

అలా అలా అచ్చాయమ్మ ముసలిదైపోయింది. మతిమరుపు వచ్చింది. అప్పుడు కూతురు తిరపతమ్మ తన దగ్గరే పెట్టుకుని చూసుకుంది. ముద్దలు కలిపి తినిపించేది, జడ వేసేది, వీధిలోకి వెళ్ళిపోతే వెతికి తెచ్చేది. అమ్మేమో "ఎవరమ్మా నువ్వు?" అనేది. తిరపతమ్మ అదీ ఓర్చుకుంది.

కానీ అమ్మ స్నానం మానేసింది. ఒక వారం, రెండు వారాలు. ఒంటి మీద పుళ్ళు లేచాయి. రోజూ శుభ్రంగా కడక్కపోతే ఇవి ముదిరిపోతాయని డాక్టరు గట్టిగా చెప్పి వెళ్ళాడు.

మొదటి రోజు తిరపతమ్మ బతిమాలింది. కొత్త చీర చూపించింది. చీర బాగుందంది అచ్చాయమ్మ. నీళ్ళగది గుమ్మం దాకా వచ్చి, "పిల్లేదీ?" అంది. ఏ పిల్లా లేదు పదమంటే వెనక్కి తిరిగిపోయింది.

రెండో రోజు మాయమాటలు చెప్పింది. గుడికెళ్దాం, పోసుకుని రా అంది. అచ్చాయమ్మ సరేనంది. మళ్ళీ గుమ్మం దగ్గరే ఆగి, "పిల్లేదీ?" అంది.

మూడో రోజు తిరపతమ్మకి ఒళ్ళు మండిపోయింది. రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. అచ్చాయమ్మ రక్కింది, బకెట్టు తన్నేసింది. నీళ్ళన్నీ తిరపతమ్మ మీదే పడ్డాయి. తల్లి పీట మీద కూర్చుని ఏడుస్తుంటే, కూతురు తడిబట్టలతో గచ్చు మీద కూలబడి ఏడ్చింది.

రక్కినందుకు కాదే. అలా లాగేటప్పుడు అమ్మంటే అసహ్యం వేసిందట. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే అమ్మ మీద ప్రేమే పోతుందేమోనని భయపడింది. చెడ్డది కాదు బుల్లీ, బాగా అలిసిపోయింది.

ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, అప్పటికి అడిగింది. "ఏ పిల్లమ్మా? ఎవరి కోసం చూస్తున్నావు?"

"నీళ్ళు పోయాల్సిన పిల్ల" అంది అచ్చాయమ్మ. "పొద్దెక్కిపోయింది, ఇంకా తీసుకురాలేదు వాళ్ళు. పిల్లకి పోయకుండా నేనెట్లా పోసుకోనూ?"

చూశావా మరి. తిరపతమ్మ ఇన్నాళ్ళూ మొండితనం అనుకుంది. ఆవిడేమో పని అవలేదని కూర్చుంది.

ఇప్పుడు పిల్లని ఎక్కణ్ణుంచి తెస్తుంది? తన పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. అటు చూసింది, ఇటు చూసింది. సిగ్గూ వేసింది. చివరికి బకెట్టు మళ్ళీ నింపి, జుట్టు విప్పుకుని, "ఇదుగోనమ్మా పిల్ల" అని అమ్మ కాళ్ళ మీద తల పెట్టింది. తల ఒక్కటేలే, మొత్తం పడుకుంటే ఆ ముసలి కాళ్ళు ఏమైపోవాలి?

"ఎంత పెద్ద పిల్లో" అంది అచ్చాయమ్మ. అప్పుడు నూనె పెట్టింది. కుంకుడురసం కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. తల రుద్దింది, పసిపిల్లలకి చేసినట్టే తీరుగా రావాలని ముక్కు నొక్కింది. యాభై ఏళ్ళ మనిషి తిరపతమ్మ. తనకొకరు తల రుద్ది ఎన్నేళ్ళయిందో. అందరికీ తనే చెయ్యడమాయె. ఆ నీళ్ళలోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకమ్మా, అయిపోయింది, అయిపోయింది" అంది అమ్మ. ఆఖరి చెంబు తిప్పి శ్రీరామరక్ష అంది. "హమ్మయ్య, ఇహ నేనూ పోసుకుంటాను" అని తనే చెంబు ముంచుకుంది.

ఆ రోజు నుంచీ ముందు పిల్లకి, తర్వాత అమ్మకి. పేచీలు పూర్తిగా పోయాయనను. ఒక్కోరోజు ఆవిడ చెంబు విసిరేది, ఈవిడ కసిరేది. కూతురి పేరు చివరిదాకా గుర్తు రాలేదు. పుళ్ళు మాత్రం మానాయి. ఆ అసహ్యమూ మళ్ళీ రాలేదు.

అచ్చాయమ్మ పోయాక అందరూ తిరపతమ్మని మెచ్చుకున్నారు, తల్లికి ఎంత చేశావమ్మా అని. "నేను చేసిందేముంది? రెండేళ్ళు రోజూ నీళ్ళు పోయించుకుంది నేను" అనేదావిడ.

ఏ ఊరంటావా? మా ఊరే. నాకూ ఆ అచ్చాయమ్మే నీళ్ళు పోసింది. నా ముక్కు ఇంత తీరుగా ఉందంటే ఆవిడ చలవే. నవ్వకు. రేపు నేనూ ముసలిదాన్నయి పేచీ పెడితే, కసురుకో, ఫరవాలేదు. కసిరాక ఒక్కసారి అడుగు, ఏం కావాలి అమ్మమ్మా అని.

నీళ్ళకాగు పొయ్యి మీదికి, సాంబ్రాణి పొగ చూరు మీదికి,
చెప్పిన కథ కంచి దారికి, చెప్పినదీ విన్నదీ దుప్పట్లోకి.