ముద్దకు అడ్డుపడ్డ భారీ సిస్టమ్

కంప్యూటర్లు ముసలివైపోయినా రాజులింకా మిగిలున్న రోజుల్లో, కొలువులోని పాత కంప్యూటర్‌ను పైడన్న చూసుకునేవాడు. దానికి తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ చాలన్నాడు.

"రాజుగారి కంప్యూటర్‌కి పేదసరుకా? సరికొత్తది, భారీది ఎక్కించు. లేదంటే అదీ నువ్వూ చెత్తకుప్పలోకే," అన్నాడు మహామంత్రి.

"నా బుర్రా పాతదే కదండీ, ఆ సంగతి తట్టలేదు. అంత గొప్పది కళ్లు తెరిచేదాకా కొలువులో ఎవరూ ముద్ద ముట్టకూడదని చాటిస్తే దాని హోదాకు తగినట్టుంటుంది," అన్నాడు పైడన్న.

మంత్రి మురిసిపోయి చాటించాడు. పైడన్న ఆ భారీది ఎక్కించాడు.

పొద్దు వాలింది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. వంటశాలలోంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. రాజుగారు మంత్రినే చూస్తున్నారు.

"పైడన్నా, ఆ తేలికది ఉందా?" అన్నాడు మంత్రి గొంతు తగ్గించి.

"ఉంది గానీ, పేదసరుకండి."

"పెట్టు నాయనా."

విస్తళ్లు వేసేలోపే తెర వెలిగింది. రాజుగారు కంప్యూటర్‌ను పైడన్నకే వదిలేసి, ఇకమీదట మంత్రి మెచ్చినవన్నీ మంత్రి భోజనానికి ముందే పరీక్షించాలని ఆజ్ఞాపించారు.