కునుకు బొమ్మకి కూలి

మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ గోడకి జారబడి కునుకు తీస్తే, నోరు తెరుచుకున్న నా బొమ్మ గీసింది నువ్వేనటే ఇందూ? నవ్వకురా సోమూ, నీ వంతూ వస్తుంది. గీస్తే గీశావులే, బాగానే ఉంది, ముక్కు మాత్రం మరీ అంత లావు కాదు. కానీ దానికి కూలి ఇచ్చుకోవాలి, తెలుసా? తెలీదు కదూ. అయితే వినండి. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, మోకాళ్ళు సలుపుతున్నాయి, చిన్న కథే చెప్తాను. మీ తాతయ్య డ్రాయింగు మేష్టారు కదా, ఆయన చెప్పిన కథ ఇది. సగం ఆయన చెప్పింది, సగం నేను అల్లింది. ఏది ఏదో నన్నడక్కండి.

అనగనగా ఒక ఊరు. సగం ఇసక, సగం సముద్రం. మన దేశం కాదు, డెన్మార్కు అని ఎక్కడో ఉత్తరాన, చలికి వేళ్ళు కొంకర్లు పోయే దేశం. ఆ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళింట్లో ఒక పిల్ల. మారెన్‌ట దాని పేరు. నాకు నోరు తిరగదు, మారెమ్మ అనుకుందాం.

దానికి బొమ్మల పిచ్చి. పొయ్యిలో బొగ్గు కనిపిస్తే చాలు, గోడ మీద గీతే. చెట్టు గీసింది, పడవ గీసింది, గీసి గీసి మనిషిని గియ్యాలని బుద్ధి పుట్టింది. కదలకుండా ఎవరు కూర్చుంటారర్రా? ఆ ఇంట్లో చేపొస్తే కొయ్యాలి, కోస్తే ఉప్పు పట్టాలి, ఉప్పు పడితే ఎండెయ్యాలి, ఎండేస్తే పిల్లిని తోలాలి, పిల్లిని తోలొచ్చేసరికి మళ్ళీ చేపొస్తుంది. ఒకరోజు వాళ్ళమ్మ వల బాగుచేస్తూ చేస్తూ, అలా కూర్చునే నిద్రపోయిందిట. అప్పుడు తెలిసింది మారెమ్మకి, లోకంలో కదలకుండా కూర్చునేది అలిసిపోయినవాళ్ళేనని. తనివితీరా గీసుకుంది.

గీశాక అమ్మ ఒళ్ళో వల చూసింది. చిరుగు చిరుగులాగే ఉంది. లేవగానే మళ్ళీ ఇదే పని కదా పాపం అనిపించి, తనే కూర్చుని వలంతా అల్లేసిందిట. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఎవరి కునుకు గీస్తే వాళ్ళ మిగిలిన పని నేను చెయ్యాలి, అదే బొమ్మకి కూలి, అని. ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి, లేకపోతే నేనే నిద్రపోతాను.

మీ తాతయ్య ఊళ్ళో వాళ్ళందర్నీ గీశారు గానీ నన్ను ఒక్కసారీ గియ్యలేదు. ఎందుకండీ అంటే నవ్వేవారు. నాకు తెలీదూ, గీస్తే అంట్లు తోమాల్సొస్తుందని!

ఎంతవరకూ వచ్చాం? ఆ, పిల్ల పెద్దదైంది, పట్నం వెళ్ళింది. అక్కడ బొమ్మల బడి ఉంది, దానికి ఇంత పెద్ద తలుపూ ఉంది. ఆడపిల్లలకి చెప్పం పొమ్మన్నారుట. ఏం చేస్తుంది? ఒక ముసలి పంతులుగారింట్లో పనిచేసుకుంటూ ఆయన దగ్గరే నేర్చుకుంది. నేర్చుకున్నాక, తనలాంటి ఆడపిల్లలు ఆ తలుపు చూసి వెనక్కి పోకూడదని, రాజుగారి పాత గుర్రాలసాల మీద అటక అడిగి పుచ్చుకుని, తనే బడి పెట్టింది.

బడంటే మాటలా? రంగు నూరాలి, నూరింది పంచాలి, పంచింది ఒలకబోస్తే తుడవాలి, ఒలకబోసినదాన్ని తిడితే ఏడుస్తుంది, ఏడిస్తే ఊరుకోబెట్టాలి, ఊరుకున్నాక మళ్ళీ రంగు నూరాలి. తన బొమ్మ తను గీసుకుందామని కూర్చునేసరికి దీపంలో నూనె ఉండదు, ఒంట్లో ఓపిక ఉండదు. ఎంత అలిసిపోయేదో పాపం. ఆడదాని అలుపు ఎవడు చూశాడు తల్లీ.

ఇంతలో రాజుగారికి కొత్త గుర్రాలొచ్చాయి. వాటి గడ్డికి అటక కావాలి, ఖాళీ చెయ్యమన్నారు. ఈ పిల్లలంతా ఎక్కడికి పోతారు? మారెమ్మ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. రాజుగారు మీసం దువ్వుకుని, ఎంతమంది నా బొమ్మ గీసినా మా రాణి ఇది మీరు కాదు అంటోంది, గడ్డి బళ్ళొచ్చేలోగా నువ్వు గియ్యి, ఔనందా అటక నీది, కాదందా గుర్రాలది, అన్నాడుట.

పొద్దున్న బడి, మధ్యాహ్నం రాజుగారు. ఆయనేమో ఛాతీ పొంగించి, గడ్డం పైకెత్తి, దసరా వేషగాడిలా కూర్చునేవాడు. గీస్తుంది, చెరిపేస్తుంది. గీస్తుంది, చెరిపేస్తుంది. చేతులు పడిపోతున్నాయి గానీ బొమ్మలో మనిషి రావడం లేదు. గడువు ఆఖరి రోజు వచ్చేసింది. ఆ రోజు రాజుగారు ఛాతీ పొంగించాడు, గడ్డం ఎత్తాడు. కాసేపటికి ఛాతీ దిగింది, గడ్డం దిగింది, కిరీటం చెవి మీదకి జారింది, గుర్రు మొదలైంది. మారెమ్మ బొగ్గందుకుని గబగబా గీసేసింది.

గీశాక కూలి ఇవ్వాలి కదా! రాజుగారికి మిగిలిన పనేమిటి? తలుపు తీసి చూస్తే వసారా నిండా జనం, మొర చెప్పుకోడానికి వచ్చినవాళ్ళు. తీర్పు చెప్పడం తనవల్ల కాదు, వినడానికేం? అందరి మధ్యా కూర్చుని, ఆవు తప్పిపోయినవాడి గోడూ, మొగుడు తిరిగిరానిదాని గోడూ అన్నీ వింది. రాజుగారు లేచాక పూసగుచ్చినట్టు చెప్పబోయింది. వింటేనా? బొమ్మ చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నన్ను నిద్రమొహంతో గీస్తావా, రేపే గడ్డి తోలించేస్తానన్నాడు.

ఆ కేకలకి రాణిగారొచ్చింది. బొమ్మ చూసింది. కళ్ళొత్తుకుని, ఈయనే మా ఆయన, ఇంత అలిసిపోతున్నారని నాతో కూడా చెప్పలేదు, అందిట. రాజుగారు తల దించుకున్నాడు. అప్పుడు కూర్చుని వసారాలోవాళ్ళ మొరలన్నీ విన్నాడు. అటక బడికే ఉండిపోయింది.

సోమూ, ఊ ఏదిరా? ఆ. అయిపోవచ్చిందిలే.

ఏళ్ళు గడిచాయి. మారెమ్మ జుట్టు ముగ్గుబుట్టైంది. ఒకనాడు పాఠం చెప్తూ చెప్తూ కుర్చీలోనే నిద్రలోకి ఒరిగిపోయింది. ఎప్పుడూ గోలగోలగా ఉండే బడి చప్పుడు లేకుండా అయిపోయింది. ఆవిడ అందర్నీ గీసింది గానీ ఆవిణ్ణి గీసినవాళ్ళు లేరు కదా, పిల్లలంతా బొగ్గులు తీశారు. ఆవిడ ఒట్టు సంగతి వాళ్ళకీ తెలుసు కదా, గీశాక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారుట, మరి కూలో అని. ఒకతి కుంచెలు కడిగింది, ఒకతి రంగు నూరింది, ఒకతి నేల తుడిచింది. అందర్లోకీ పెద్దపిల్ల, ఆవిడ లేవకుండా గొంతు తగ్గించి, చిన్నపిల్లలకి మిగిలిన పాఠం చెప్పింది.

పొద్దువాలాక మారెమ్మ ఉలిక్కిపడి లేచి, అయ్యో పని, అయ్యో పని అని వెతుక్కుందిట. ఏ పనీ లేదు. గోడ నిండా తన బొమ్మలే. కూలబడి ఏడ్చింది. దుఃఖం కాదర్రా, అలుపు దిగినప్పుడొచ్చే ఏడుపు అది, మీకిప్పుడు తెలీదు. మర్నాటి నుంచి పెద్దపిల్ల పాఠం చెప్పేది, మారెమ్మ కిటికీ దగ్గర కూర్చుని తన బొమ్మలు తను గీసుకునేది. అందరూ సుఖంగా ఉన్నారు.

అంచేత, అలిసిపోయినవాళ్ళని చూసి అయ్యో అంటే చాలదు, వాళ్ళ చేతిలో పని అందుకోవాలి. కథ కంచికి వెళ్ళిపోయింది, మన చింతపండు మాత్రం ఇంకా చేటలోనే ఉంది.

ఏవిటే ఇందూ, లేచావు? ఇప్పుడు కాదే పిచ్చిదానా, పొద్దున్న చూసుకోవచ్చు. ఓసి నీ అఘాయిత్యం కూలా, వెళ్ళనే వెళ్ళింది! సోమూ, నువ్వూనా? సరే, చేట ఇటు దీపం దగ్గరికే తెచ్చుకోండి. గింజలు కింద పొయ్యకండి. నేను కాస్త కళ్ళు మూసుకుంటాను. నోరు తెరిస్తే తెరిచానులే, గీసుకోండి.