కాటుకమ్మ బురదగుంట

వాగుకు ఇవతల నల్లరేగడి అడవి, అవతల రాళ్ళ అడవి. ఎవరి రాజ్యం వాళ్ళదే. అయినా ఎండలు ముదిరాయంటే చాలు, అవతలి అడవిపందులు పిల్లాజెల్లాతో వాగు దాటి వచ్చేవి. ఎందుకంటారా? వాటి దేశంలో రాళ్ళూ ఇసుకే తప్ప బురద లేదు. ఒళ్ళంతా బురద పూసుకుని ఎండబెట్టుకుంటే, అది రాలేటప్పుడు ఒంటిని పట్టి రక్తం పీల్చే పిడుదులు కూడా రాలిపోతాయి. అదీ వాటి వైద్యం.

ఆ బురదగుంట కాటుకమ్మ అనే ముసలి గేదెది. రోజూ పొద్దున్నే అందులో దిగి, పొర్లి, నాలుగు కాళ్ళతో తొక్కి తొక్కి వెన్నలా చేసి ఉంచేది. వేసవిలో ఆమె తోలు పగలకుండా కాపాడేదీ ఆ గుంటే. వచ్చినవాళ్ళు ఆమెతో కష్టసుఖాలు చెప్పుకుని, తెచ్చిన ఇప్పపూలు ఆమె ముందు పోసి వెళ్ళేవాళ్ళు.

ఆ ఇప్పపూల మీద పింగళయ్య నక్క కన్ను పడింది.

"అత్తా, పరదేశపు చుట్టాలు వచ్చే చోటు ఇది. నడిమధ్యన నువ్విలా పడుకుంటే ఏం బాగుంటుంది చెప్పు?"

"ఇన్నేళ్ళూ బాగానే ఉందిగా అల్లుడూ."

"వాళ్ళు మర్యాదకి అనరు. నువ్వు తప్పుకో, వచ్చేవాళ్ళని నేను చూసుకుంటా."

"నేను తొక్కకపోతే గుంట ఉండదు నాయనా."

"నీ డెక్కల్లో ఏం మహిమ ఉందట? బురద బురదే" అని నవ్వాడు పింగళయ్య. మర్నాటికల్లా గుంట చుట్టూ రేగుకంప అడ్డం వేసి, దారిలో తను కూర్చున్నాడు.

కాటుకమ్మ వెనుదిరిగింది. అప్పటికే వీపు మీద తోలు చిటపటలాడుతోంది. వాగు ఎగువకి నడిచి, తుంగ మొలిచిన చెమ్మనేల చూసుకుని, మళ్ళీ మొదటినుంచి తొక్కడం మొదలుపెట్టింది. ముసలి మోకాళ్ళు కదా, కాస్త తొక్కేది, కాస్త నిలబడేది. మెల్లగా నీరు ఊరింది.

ఎండలు ముదిరాయి. పెద్దపంది ముట్టెయ్య తన మందతో వాగు దాటాడు. పింగళయ్య మోదుగుపూల దండతో ఎదురొచ్చాడు. ముట్టెయ్య దండ చూడలేదు, గుంట చూశాడు.

"ఇదేమిటయ్యా, పెంకులా పగిలిపోయింది?"

"ఎండలండీ. అందుకే పక్కన మెత్తటి ఇసుక పోయించాను. పొర్లండి."

"ఇసుక మా ఇంట్లో లేదనుకున్నావా? ఇంతకీ మా వదినేదీ?"

"ముసలావిడ కదా, మీకు ఇబ్బందని పంపించేశాను."

"వంట చేసే ఆవిణ్ణి వెళ్ళగొట్టి విస్తళ్ళు వేశావన్నమాట."

ముట్టెయ్య గాలి వాసన చూశాడు. ఎగువనుంచి తడి మట్టి వాసన. మంద అంతా అటే నడిచింది.

"వదినా, ఇల్లు మారావని కబురైనా పెట్టలేదే?"

"కాళ్ళకి తీరిక లేదు మరిదీ. దిగండి, దిగండి."

సాయంత్రానికి పింగళయ్య చెవి గోక్కుంటూ ఒడ్డున చేరాడు. అతనికీ పిడుదులు పట్టాయి.

"అత్తా, నాక్కూడా కాస్త..."

"దిగు అల్లుడూ" అంది కాటుకమ్మ. "ఆ మూల ఇంకా గట్టిగా ఉంది, ముందు అది కాస్త తొక్కు."

పొరుగు దేశాన్ని మన గడపకు రప్పించేది ఉత్త చోటు కాదు పిల్లలూ, దాన్ని రోజూ అలా నిలబెట్టేవాళ్ళ ఓపిక.