దుగ్గన్న దాచిన నొప్పి

అనగనగా, మనుషులకంటే చెట్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో, చింతలదుర్గం అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఎక్కడ కొమ్మ ఎండినా, ఏ చెట్టు ఇంటి మీదికి ఒరిగినా చెట్టుపనివాళ్ళకు కబురు వెళ్ళేది. వాళ్ళు పన్నెండుమంది. నడుముకు మోకుతాడు బిగించి, వీపున గొడ్డలి దోపుకుని, కోతులు కూడా ఆగి చూసేంత ఒడుపుగా చెట్టెక్కేవారు. వాళ్ళ పెద్ద పేరు దుగ్గన్న.

దుగ్గన్నకు ఒక అలవాటు. ఏ కొమ్మ మీద కాలు పెట్టబోయినా ముందు గొడ్డలి వెనకవైపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఠక్కుమంటే గట్టి కొమ్మ. డొల్లగా పలికితే లోపల పుచ్చు. పుచ్చిన కొమ్మ పైకి ఎంత పచ్చగా ఉన్నా దాన్ని నమ్మేవాడు కాదు. ముప్పై ఏళ్ళ పనిలో ఒక్కసారీ కింద పడలేదు.

"కొమ్మ అబద్ధం ఆడదురా. మనమే అడగం" అనేవాడు తనవాళ్ళతో.

దుగ్గన్నకు ఇంకో గుణం ఉంది. కనబడ్డ ప్రతిదాని గురించీ ఆరా తీస్తాడు. చీమలు వరుస ఎందుకు తప్పవు? చింతాకు సాయంత్రమయ్యేసరికి ఎందుకు ముడుచుకుంటుంది? అతని భార్య గంగసాని నవ్వేది. "మన పెళ్ళిలో పీటల మీద కూర్చుని కూడా పందిరి గుంజ ఏ చెట్టుదని అడిగావు కదయ్యా! పంతులుగారు మంత్రం మరిచిపోయాడు."

ఇక ఆ చెట్టుపనివాళ్ళలో పాతకాలం కట్టుబాటు ఒకటి ఉండేది. నొప్పి అని నోరు తెరిచినవాడి గొడ్డలిని అతని ఇంటి దూలానికి కట్టేసేవారు. అతను ఇక జన్మలో చెట్టెక్కకూడదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. అందుకని ఆ పన్నెండుమందిలో ఎవరికీ, ఎప్పుడూ, ఎక్కడా నొప్పి ఉండేది కాదు. నమ్మండి పిల్లలూ, పన్నెండుమందీ ఉక్కుమనుషులే!

ఒక చలికాలం ఉదయం దుగ్గన్న గొడ్డలి చింతకొమ్మలో ఇరుక్కుపోయింది. బలమంతా పెట్టి లాగాడు. గొడ్డలి వచ్చింది కానీ కుడి భుజంలో ఏదో కలుక్కుమంది.

"ఏంటి మావా, ఆ మూలుగు?" అన్నాడు పక్క కొమ్మ మీదున్న బిల్లన్న.

"నేనెక్కడ మూలిగానురా? గాలికి కొమ్మలు రాసుకున్నాయి" అన్నాడు దుగ్గన్న.

ఆ రోజు నుంచి నొప్పి అతన్ని వదల్లేదు. తలపాగా చుట్టుకుంటుంటే నొప్పి, ముద్ద నోటికెత్తితే నొప్పి. చెబితే గొడ్డలి దూలానికి వెళుతుంది. చెట్టెక్కని దుగ్గన్న ఇంకేం దుగ్గన్న? అయినా పుట్టుకతో వచ్చిన గుణం ఊరుకోదు కదా. "ఈ నొప్పి పొద్దున నిద్రపోతుంది, మధ్యాహ్నం లేస్తుంది. ఎందుకని?" అని ఆరా మొదలుపెట్టాడు. మనుషులను అడిగే వీలు లేదు గనక జంతువులను అడిగాడు.

మొదట కనబడింది నేరేడు చెట్టు మీది ముసలి కొండముచ్చు.

"తాతా, పొద్దస్తమానం వేలాడతావే, నీకు భుజం నొప్పెట్టదా?"

"నాకు వేలాడడానికి నాలుగున్నాయి నాయనా. ఒకటి అలిస్తే ఇంకొకటి మారుస్తాను. నువ్వేమో అన్ని దెబ్బలూ కుడిచేత్తోనే కొడతావు. ఆ ఎడమచెయ్యి ఎవరికోసం దాస్తున్నావు?" అంది కొండముచ్చు.

నిజమే సుమా అనుకుని దుగ్గన్న చేతులు మార్చి మార్చి నరికాడు. నొప్పి కొంచెం తగ్గింది. కానీ ఎడమచేతి దెబ్బ వంకరగా పడేసరికి బిల్లన్న పకపకా నవ్వాడు. "ఏం మావా, ఈ వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దుతున్నావా?" దుగ్గన్నకు తల కొట్టేసినట్టయింది. గొడ్డలి మళ్ళీ కుడిచేతిలోకి వెళ్ళింది.

తర్వాత ఏటిలో పడుకున్న రాజుగారి ఏనుగు కనబడింది.

"గజరాజా, అంతంత మొద్దులు లాగుతావు, నీ మెడ పట్టెయ్యదా?"

"ఎత్తేముందు తొండంతో కదిపి చూస్తాను. నాకు మించిందైతే మావటివాడు గొంతు చించుకున్నా కదలను. ఎండ ముదిరితే ఇలా నీళ్ళలో పడుకుంటాను. పడుకోవడం కూడా నా పనే" అంది ఏనుగు తాపీగా.

దుగ్గన్న మధ్యాహ్నాలు నీడన నడుము వాల్చడం మొదలుపెట్టాడు. నొప్పి ఇంకొంచెం తగ్గింది కానీ పోలేదు. దానికి కావలసింది పూటల విశ్రాంతి కాదు, నెలల విశ్రాంతి. నెలలపాటు చెట్టెక్కకుండా ఉండాలంటే నోరు విప్పాలి, అదే అతనివల్ల కాలేదు.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం పెద్ద గాలివాన విరుచుకుపడింది. ఊరికంతటికీ నీళ్ళిచ్చే దిగుడుబావి పక్కన ముసలి మద్దిచెట్టు ఒకటుంది. దాని పెద్దకొమ్మ మొదట్లో చీలి, సరిగ్గా బావి మెట్ల మీదికి వేలాడింది. ఏ క్షణాన పడుతుందో తెలియదు. బావిలోకి ఎవరూ దిగకూడదని రాజు ఉదయకేతుడు కాపలా పెట్టించాడు. ఆడవాళ్ళు బిందెలు మోసుకుని ఎండలో క్రోసు దూరం ఏటికి నడవాల్సి వచ్చింది. మూడో రోజు పొద్దున్నే రాజుగారే వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు.

"దుగ్గన్నా, ఈ కొమ్మను దించడం నీ ఒక్కడివల్లే అవుతుందని ఊరంతా అంటోంది."

దుగ్గన్న నమస్కరించి, మోకు బిగించి ఎక్కాడు. మొదటి పంగ దగ్గర ఆగి పై కొమ్మను మూడుసార్లు కొట్టాడు. వెంటనే తొర్రలోంచి వడ్రంగిపిట్ట తల బయటపెట్టింది.

"ఎవరది, పొద్దున్నే మా గడప కొట్టేది?"

"నేనమ్మా, దుగ్గన్నను. ఎప్పటినుంచో నిన్ను అడగాలనుకుంటున్నా. రోజంతా ముక్కుతో పొడుస్తావే, నీకు తల నొప్పెట్టదా?"

"కాసేపు పొడిచి, ఆగి వింటాను. వినకుండా పొడిస్తే పురుగూ దొరకదు, తలా మిగలదు. నువ్వు కూడా కొట్టి వింటావట కదా?"

"ప్రతి కొమ్మనూ కొట్టి వింటాను. ముప్పై ఏళ్ళుగా ఒక్కదాన్నీ అడక్కుండా నమ్మలేదు" అన్నాడు దుగ్గన్న గర్వంగా.

పిట్ట తల పక్కకు వాల్చి అతని కుడి భుజం వైపు చూసింది. "మరి దాన్ని ఎప్పుడైనా అడిగావా?"

దుగ్గన్న తన భుజం వైపు చూసుకున్నాడు. ఎన్ని ప్రశ్నలు వేశాడు జన్మలో! చీమను అడిగాడు, చింతాకును అడిగాడు, ఏనుగును అడిగాడు. తన భుజాన్ని మాత్రం ఎన్నడూ అడగలేదు. సరే చూద్దామని మోకు మరోసారి బిగించి, గట్టి కొమ్మను కుడిచేత్తో పట్టుకుని, కాళ్ళు వదిలి వేలాడాడు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు అనేసరికి వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. మోకు పట్టుకుంది గనక బతికాడు.

కింద ఊరంతా చూస్తోంది. పైకి వెళితే పరువు దక్కుతుంది. కిందికి దిగితే గొడ్డలి దూలానికి వెళుతుంది. దుగ్గన్న ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, మెల్లగా దిగి వచ్చాడు. గొడ్డలిని రాజుగారి పాదాల ముందు పెట్టాడు.

"మహారాజా, నా కుడి భుజం లోపల పుచ్చిపోయింది. నాలుగు నెలలుగా దాచాను. ఈ కొమ్మ నావల్ల కాదు."

గంగసాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు బిల్లన్న కుంటుకుంటూ ముందుకొచ్చి తన గొడ్డలి కూడా పక్కన పెట్టాడు.

"నాకు మోకాలు, మావా. రెండేళ్ళయింది."

ఆ వెనకే ఇంకొకడు వచ్చి మణికట్టు అన్నాడు. మరొకడు నడుమన్నాడు, మరొకడు మెడన్నాడు. చూస్తుండగానే పన్నెండు గొడ్డళ్ళూ కుప్పపడ్డాయి. రాజుగారు ఆ కుప్పను చూశాడు, వాళ్ళను చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ నా రాజ్యంలో చెట్లెక్కింది ఎవరయ్యా?"

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఊరంతా నవ్వింది, చెట్టుపనివాళ్ళూ నవ్వారు. నవ్వు తగ్గాక దుగ్గన్న చేతులు జోడించాడు. "దేవరా, కొమ్మను అడిగినట్టే ఒంటినీ అడుగుదాం. ఎవరికి ఏది గట్టిగా ఉందో దానితోనే పని చేద్దాం."

రాజు సరేనన్నాడు. బిల్లన్నకు మోకాలే చెడ్డది, చేతులు ఇనుము. విరిగే కొమ్మకు కట్టి పై పంగ మీదుగా వేసిన మోకును అతనూ ఇంకో ఐదుగురూ కింద పట్టుకున్నారు. నడుము నొప్పివాళ్ళు బరువు ముట్టలేదు, ముడులు చూసుకున్నారు. భుజాలు బాగున్న ముగ్గురు పైకెక్కి, యాభై దెబ్బలకొకరు చొప్పున వంతులు మారారు. దుగ్గన్న నేల మీద నిలబడి పొడవాటి వెదురుగడతో కొమ్మను కొట్టి, విని, ఎక్కడ నరకాలో చెప్పాడు.

మధ్యాహ్నానికి కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఆ ఊపుకు మోకు పట్టిన ఆరుగురూ రెండడుగులు ముందుకు జారిపోయి, మడమలు నేలలో తన్నిపెట్టి నిలిచారు. కొమ్మ మెల్లగా దిగి బావి గట్టు పక్కన ఒరిగింది.

గంగసాని ఆ కొమ్మను చూసింది, మొగుడిని చూసింది. "ఒక్కడివే పైనుంటే ఈపాటికి బావిలో ఉండేవాడివి కదయ్యా!" అని ఏడ్చింది. ఏడుస్తూనే నాలుగు తిట్లు తిట్టింది. దుగ్గన్న తలొంచుకుని అన్నీ విన్నాడు.

రాజుగారు కట్టుబాటు మార్చాడు. "నొప్పి చెప్పినవాడి గొడ్డలి దూలానికి కట్టండి. నొప్పి తగ్గాక విప్పండి. అంతవరకు నేల మీది పని అతనిది."

ఆ మాట ప్రకారం దుగ్గన్న గొడ్డలి దూలమెక్కింది. గంగసాని రోజూ ఆముదపాకులు వేడిచేసి కాపడం పెట్టేది. వారానికోసారి అతను పెరట్లో జామకొమ్మకు కుడిచేత్తో వేలాడేవాడు, ఆమె లెక్కపెట్టేది. మొదట ఐదు, తర్వాత తొమ్మిది. వానలు వెళ్ళాక ఒకరోజు ముప్పై దాటింది, నలభై దాటింది.

"ఇక దిగవయ్యా, నాకొచ్చిన అంకెలు అయిపోయాయి!" అంది గంగసాని. లోపలికి వెళ్ళి, ఎత్తుపీటెక్కి, తన చేతులతోనే గొడ్డలి విప్పి తెచ్చి ఇచ్చింది.

అప్పటినుంచి చింతలదుర్గంలో చెట్టుపనివాళ్ళు పొద్దున్నే అన్నిటికంటే కింది కొమ్మకు వేలాడి, ఎక్కడ నొప్పి ఉందో పైకి చెప్పి, ఆ తర్వాతే చెట్టెక్కేవారు.

పిల్లలూ, దాచుకున్న నొప్పి మనిషిని పడదోస్తుంది, చెప్పుకున్న నొప్పి పదిమందిని తోడు తెస్తుంది. కొమ్మను నమ్మేముందు కొట్టి చూసేవాడు తన ఒంటిని కూడా అడిగి చూడాలి.